ఎరకు రంగేల?



మా సింగరాయకొండను ఎఱిగినవారికి రెండు విషయములు మొదట జ్ఞప్తికి వచ్చును. ఒకటి నరసింహస్వామి ఆలయము. రెండవది ఊరికి తూర్పున పాకల యొద్ద ఘోషించు సముద్రము. పొగాకు, మిరప పండు పొలములు ఒక ప్రక్క, కట్టుతెప్పలు నడచిన ఇసుకతీరము మఱియొక ప్రక్క గల ఊరు మాది. నేను బడిపంతులుగా నుండి విశ్రాంతి పొందినవాడను. గాలము చేతబట్టి చేపను పట్టినవాడను కాను. అట్టి నేను నేడు గాలమునుగూర్చి మాటలాడుటకు కారణము మా మనుమడు.

గడచిన వేసవి సెలవులలో ఆ బాలుడు కొయ్యతో ఒక చేపను చెక్కినాడు. దానికి గాలము తగిలించి, వానపామునకు బదులుగా దానినే ఎరగా వేసి, వాగునోట పండుగొప్పను పట్టవలెనని వాని సంకల్పము. అటకపై నుండి ఒక పాత రంగుడబ్బా దింపినాడు. అది ఇనుప తలుపులకు పూయుటకై ఎన్నడో కొన్నది, చీటీ చినిగిపోయినది, లోపల సిందూరమువంటి ఎఱ్ఱని రంగు. కుంచె మొన తీరుటకు నోటితో తడుపుచు, సీసపు గుండును పంటితో నొక్కి త్రాటికి బిగించుచు కూర్చుండి, నన్ను చూచి, “తాతయ్యా, ఎర్రరంగు వేస్తే చేప తొందరగా పడుతుందట, నిజమేనా?” అని యడిగినాడు.

వాని చేతిలోని కుంచెను ముందు లాగికొంటిని. ఉత్తరము తరువాత వెదకితిని. ఆ రంగు చేపకు కనబడునా అనునది ఒక ప్రశ్న. ఆ రంగు పిల్లవానిని ఏమి చేయును అనునది రెండవ ప్రశ్న. ఈ రెండింటికిని చరిత్ర కలదు. దానినే మీకు విన్నవింతును.

చిన్ననాట అమరకోశము వల్లించినవారికి గాలమునకు బడిశమని, మత్స్యవేధనమని పేళ్లున్నట్లు తెలియును. ఆ కోశమే నానార్థవర్గములో అనిమిషమను శబ్దమునకు రెండర్థములు చెప్పినది: దేవత యనియు, చేప యనియు. ఱెప్ప వేయనిది అనిమిషము. దేవతలమాట మన మెఱుగము గాని, చేపకు మనవంటి కనుఱెప్పలు లేవనుట ప్రత్యక్షము. నిద్రలోను తెఱచియుండు కన్ను దానిది.

ఐనను మన పెద్దలు చేప చావునకు కంటిని కారణముగా చెప్పలేదు. ఇంద్రియములకు వశులై నశించు ప్రాణులను లెక్కించునపుడు లేడి శబ్దమువలనను, ఏనుగు స్పర్శవలనను, మిడుత రూపమువలనను, చేప రసమువలనను, తుమ్మెద గంధమువలనను చెడునని వేదాంతులు చెప్పుదురు. దీపమును చూచి మిడుత చచ్చును. ఎర రుచికి చేప చచ్చును. ఇది మన పూర్వుల నిర్ణయము. కొయ్యచేపలో రుచి లేదు. దానిని పట్టబోవు చేప రసముచేత గాక రూపముచేతనే మోసపోవలెను. కావున మా మనుమని ప్రశ్న వేదాంతుల లెక్కనే ప్రశ్నించుచున్నది.

మన ప్రాంతపు చరిత్రలో ఈ విషయమున మొట్టమొదట తడవవలసిన గ్రంథము మానసోల్లాసము. దానికే అభిలషితార్థచింతామణి యని నామాంతరము. కల్యాణ చాళుక్యులలో ఆఱవ విక్రమాదిత్యుని కుమారుడును, సర్వజ్ఞుడని బిరుదు వహించినవాడును అగు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున దీనిని సంస్కృతమున రచించెను. ఆయన రాజధాని కల్యాణము నేడు కర్ణాటకములోని బీదరు జిల్లాలో నున్నది. ఆ వంశమువారి యేలుబడిలో తెలుగునేలయందలి కొలనుపాక గొప్ప పట్టణముగా వెలసెను. వేంగీమండలముగూడ కొంతకాలము వారి క్రింద నుండెను. కావున ఆ గ్రంథము మనకు పరాయిది కాదు.

మానసోల్లాసమున ఐదు వింశతులు, ఒక్కొక్క వింశతికి 20 అధ్యాయములు, వెరసి 100 అధ్యాయములు కలవు. రాజ్యపాలనము, వైద్యము, వంటకములు, సంగీతము, గజాశ్వములు మున్నగునవి అన్నియు అందు గలవు. రాజుల వినోదములను చెప్పుచోట మత్స్యవినోదమను అధ్యాయ మున్నది. సముద్రపు చేపలను, మంచినీటి చేపలను, పొలుసు గలవానిని, లేనివానిని వేఱు చేసి, వాని మేతలను చెప్పి, గాలముతో పట్టు విధమును వివరించినాడు. మన దేశపు చేపలపై పరిశోధన చేసిన సుందర్‌లాల్ హోరా అను జంతుశాస్త్రజ్ఞుడు 1951లో ఈ అధ్యాయముపై వ్యాసము ప్రకటించి శాస్త్రలోకమునకు ఎఱుకపఱచెను.

ఆ రాజు పద్ధతి యేమనగా, ముందుగా నీటియందొక తావున పిండిముద్దలు మొదలగు మేతలు వేయించి చేపలను మచ్చిక చేయుట. అవి ఆ తావునకు అలవాటుపడిన పిమ్మట ఆ మేతనే గాలమునకు గ్రుచ్చి వదలుట. ఏ జాతి చేపకు ఏ మేత ప్రియమో తెలిసికొనుటయే అందు ప్రధానము. వేదాంతుల లెక్కయే రాజుగారి లెక్కయు: చేపకు రసమే పాశము.

వింత యేమనగా, ఆ గ్రంథముననే చిత్రలేఖనమునుగూర్చియు విపులముగా నున్నది. శంఖచూర్ణముతో తెలుపు, ఇంగిలీకముతోను లక్కరసముతోను జేగురుతోను ఎఱుపులోని భేదములు, హరిదళముతో పసుపు, కాటుకతో నలుపు చేయు విధములు చెప్పబడినవి. ఒకే గ్రంథకర్తకు చేపలును తెలియును, రంగులును తెలియును. ఐనను చేపను పట్టుటకు మేతనే నమ్మినాడు.

దూరదేశమున మఱియొకవిధముగా జరిగినది. క్రీస్తుశకము 200 ప్రాంతమున రోమక సామ్రాజ్యములో ఏలియన్ అను రచయిత గ్రీకుభాషలో జంతువులనుగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. మాసిడోనియా దేశపు ఒక నదిలోని చేపలు నీటిపై వ్రాలు ఒక జాతి ఈగను తినునట. ఆ ఈగను మనుష్యుడు చేతబట్టినంతనే దాని సహజవర్ణము చెడి ఎరకు పనికిరాకుండెడిదట. అందుచేత అచ్చటి జాలరులు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, మైనపురంగు గల కోడియీకలు రెండు కట్టి, నీటిపై వదలెడివారట. చేప ఆ రంగును చూచి వచ్చి పట్టుకొనెడిదని ఏలియన్ వ్రాసినాడు. రుచి లేని ఎరకు, రంగుగల ఎరకు, ఇది మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము.

తరువాతి శతాబ్దములలో ఈ విద్య పాశ్చాత్యదేశములలో పెరిగినది. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనునతడు చెంచావలె తళతళలాడు లోహపు ఎరకు 1852లో హక్కుపత్రము పొందెను. ఆ శతాబ్దాంతమున మిషిగన్ రాష్ట్రములో జేమ్స్ హెడన్ అనునతడు కొయ్యతో చెక్కిన ఎరలు చేసి, పిమ్మట వాని తయారీని ఒక పరిశ్రమగా నెలకొల్పెను. అది మొదలు అంగళ్లలో రంగురంగుల కొయ్యచేపలు బారులు తీరినవి.

మన తీరముననో? 18వ శతాబ్దపు చివర విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి 200 చేపలకు బొమ్మలు వ్రాయించి, వర్ణించి, 1803లో రెండు సంపుటములుగా లండనులో ప్రకటింపజేసెను. జాలరులు పలికిన పేళ్లనే ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. మన జాలరుల విజ్ఞానము అచ్చునకెక్కుటకు అది గొప్ప సాధనమైనది. 1873లో మద్రాసు రాజధానిలో ఉద్యోగియైన హెచ్. ఎస్. థామస్ మన దేశములో గాలపు వేటనుగూర్చి మంగళూరున ఒక పుస్తకమును ప్రకటించెను. ఇట్లు కొత్త ఎరలు, కొత్త రంగులు దొరల పెట్టెలలో మన యేళ్లకును చెఱువులకును వచ్చినవి.

ఇంతకును చేపకు రంగు తెలియునా? ఈ వివాదము ఇరువదవ శతాబ్దారంభమున జర్మనీలో పండితయుద్ధమే యైనది. కార్ల్ ఫన్ హెస్ అను ప్రసిద్ధ నేత్రవైద్యుడు చేపలకు వర్ణజ్ఞానము లేదనియు, వెలుగు హెచ్చుతగ్గులు మాత్రమే తెలియుననియు వాదించెను. కార్ల్ ఫన్ ఫ్రిష్ అను యువకుడు అంగీకరింపలేదు. ఆయన చిన్న చేపలకు ఒక రంగు చూపి మేతపెట్టి అలవాటు చేసెను. పిదప ఆ రంగును, లేతది మొదలు ముదురు వఱకు గల పెక్కు బూడిదవన్నెల నడుమ ఉంచెను. చేపకు వెలుగు మాత్రమే తెలిసినయెడల, అంతే వెలుగు గల బూడిదవన్నెను చూచి భ్రమపడవలెను. చేపలు భ్రమపడక నేరుగా రంగు కడకే పోయినవి. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందే ఆయన ఈ సంగతి స్థాపించెను. ఆయనయే తరువాత తేనెటీగల నృత్యభాషను వివరించి 1973లో నోబెల్ బహుమానమును పంచుకొన్న మహనీయుడు. నేడు శాస్త్రజ్ఞులు ఇంకను దూరము పోయినారు. బంగారుచేపకు మనకు కనబడని అతినీలలోహితమును చూచు శక్తిగూడ కలదని తేల్చినారు. అన్ని జాతులకును ఒకే చూపు లేదు. సొరచేపలలో పెక్కింటికి రంగుల భేదము తెలియదని నేటి పరిశోధనలు సూచించుచున్నవి.

చేప కన్ను చాలదు; నడుమ నీరున్నది. ఇచ్చట మన రామన్‌గారిని స్మరింపవలెను. విశాఖపట్టణములో బాల్యమున చదువుకొన్న సర్ సి. వి. రామన్ 1921లో సముద్రయానము చేయుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, అది ఆకాశపు ప్రతిబింబము మాత్రమే కాదని తలంచి, నీటి అణువులే వెలుగును చెదరగొట్టుచున్నవని 1922లో నిరూపించెను. ఆ నీటికే మఱియొక గుణము కలదు. సూర్యకిరణములోని ఎఱుపును మొదట మ్రింగును, నీలిమను లోతునకు పోనిచ్చును. తేటయైన సముద్రములో ఐదాఱు బారల లోతునకు పోవునప్పటికి ఎఱుపు చాలవఱకు హరించిపోవును. అచ్చట ఎఱ్ఱని ఎర నల్లని ఎరయే. బురదనీటిలో కథ వేఱు. ఆకుల కుళ్లు, మట్టి నీలిమనే ముందు మ్రింగును. పసుపుపచ్చని మసకవెలుగు మిగులును. చూపు మూరెడు దూరము సాగుటయే గొప్ప. కావున ఏ రంగు మంచిదను ప్రశ్నకు, ఏ నీరు, ఎంత లోతు, ఏ వేళ, ఏ చేప అని ఎదురు ప్రశ్నలు వేయవలసియున్నది.

ఈ సంగతులను మా పాకలలో ఒక వృద్ధ జాలరికి వినిపించితిని. ఆయన శాంతముగా విని, “పంతులుగారూ, అంగడిలో కనపడే రంగులు చేపను పట్టేవి కావు, కొనేవాణ్ణి పట్టేవి. ముందు ఎర ఆడాలి. దెబ్బతిన్న చేప పొర్లినట్టు పొర్లాలి. సైజు సరిపోవాలి. ఆపైన తెల్లనీటికి మెరుపు, బురదనీటికి నలుపో పసుపో. అంతే” అనినాడు. శాస్త్రజ్ఞులును దీనికి విరోధముగా చెప్పరు. చేప ప్రక్కల నొక గీత యుండును. దానితో నీటి కదలికను గ్రహించును. మొదట కదలిక, పిదప పరిమాణము, ఆకారము, పరిసరములకంటె వేఱుగా తోచు వెలుగునీడలు. వీని తరువాతనే వన్నె. రంగు నిష్ప్రయోజనము కాదు, ప్రథమప్రయోజనమును కాదు.

ఇక రెండవ ప్రశ్న. చేపకు ఇంతగా ముఖ్యము కాని ఆ రంగు పిల్లవానికి ఎంత ముఖ్యము?

అమరకోశములో సిందూరమునకు నాగసంభవమని పేరున్నది. నాగమనగా సీసము, ఆ శబ్దమునకే పామనియు అర్థము. సీసమునుండి పుట్టినది సిందూరము. పేరులోనే పామున్నది. ఇంగిలీకములో పాదరసము, హరిదళములో పాషాణము కలవు. సోమేశ్వరుని చిత్రకారులు గోడపై పూసిన ఈ వన్నెలలో కొన్ని విషములే. గోడకు నోరు లేదు, బాలునికి నోరున్నది. సీసము కడుపులోనికి పోయినచో శరీరము దానిని సున్నపుధాతువని భ్రమించి ఎముకలలో దాచుకొనును. పిల్లల మెదడును, చదువును, నడవడిని చెఱచును. ఇంత మాత్రము హానిలేదని చెప్పదగిన పరిమాణము లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. సీసపు లవణములు కొన్ని నాలుకకు తియ్యగా నుండును. రసమునకు లోబడి నశించునది చేప యొక్కటియే కాదు.

ఈ హాని తెలిసి లోకము మెల్లగా మేల్కొన్నది. ఇంగ్లండులో గాలపు సీసపుగుండ్లు మ్రింగి హంసలు చచ్చుచుండగా 1987లో ఆ గుండ్లలో చాల రకముల విక్రయమును నిషేధించిరి. మన దేశమున ఇండ్లకు పూయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో నియమము చేసిరి. అది 2017 నవంబరు మొదటి తేదీనుండి అమలునకు వచ్చినది. అంతకుముందటి డబ్బాలు మన యటకలపై నింకను ఉన్నవి. చట్టము అంగడిని మాత్రమే కాయును. అటకను ఇంటి పెద్ద కాయవలెను.

విషములేని రంగులు మనకు క్రొత్త కావు. ఈ తీరము ప్రపంచమునకు రంగుబట్టలు అమ్మిన తీరము. నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నమును పూర్వము పెటబోలి యనిరి. అచ్చటికి 1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వచ్చుటకు కారణములలో చిరివేరుతో ఎఱ్ఱగా అద్దిన బట్ట యొకటి. పటికతో కలిసి బట్టను పట్టుకొన్న ఆ ఎఱుపు వేరునుండి వచ్చినది, లోహమునుండి కాదు. నేటికిని ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱ బొమ్మలకు లక్కలో పసుపు, నీలి, జాఫ్రా మొదలైన మొక్కల రంగులు కలిపి పూయు విద్య బ్రతికియున్నది. నడుమ రసాయనపు రంగులు వచ్చి ఆ విద్యను మఱుగుపఱచగా, కొందఱు పూనికతో మరల నిలిపినారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పసిపిల్ల నోట పెట్టుకొన్నను భయము తక్కువగా నుండవలెనను శ్రద్ధ ఆ పనిలో కలదు. కొయ్యచేపకు అంతకంటె తగిన పూత యేది?

బాలురు బొమ్మ ఎరలు చేసికొనుట మానవలెనని నేను చెప్పను. చేతిపని బుద్ధిని పెంచును. అయితే పెద్దలు కొన్ని కట్టుబాట్లు చేయవలెను. చీటీ లేని పాత రంగును ముట్టరాదు. సీసము లేదని వ్రాసియున్న రంగునో, లక్కపూతనో వాడవలెను. పాత రంగును పొడిగా గీకి ధూళి చేయరాదు. రంగును పలుచజేయు నూనెల ఆవిరి తలనొప్పి కలిగించును, నిప్పంటుకొనును. కావున ఆరుబయట, దీపమునకును పొయ్యికిని దూరముగా పూయవలెను. కుంచెను నోటబెట్టరాదు, గుండును పంటితో నొక్కరాదు, దానికి పట్టకారు కలదు. పూత బాగుగా ఆరిన పిమ్మటనే గాలమును తగిలింపవలెను. పని ముగిసిన వెనుక సబ్బుతో చేతులు కడిగికొని గాని అన్నము ముట్టరాదు.

మా యింట ఏమైనదని మీరు అడుగవచ్చును. ఎఱ్ఱడబ్బాను ఒక సంచిలో మూటగట్టి, పిల్లల చేతికందని చోట తాళము వేసి యుంచితిని. కాలువలో పాఱబోయలేదు, ఏలయనగా అందలి సీసము నీటికి పోవును. మనుమడు క్రొత్తగా మూడు కొయ్యచేపలు చెక్కినాడు. ఒకటి పసుపు, ఒకటి నలుపు, ఒకటి వట్టి లక్కపూత. మూడు దినములు ఒకే వేళకు వాగునోట వేసినాడు. దొరికినవి నాలుగు చిన్న చేపలు. రెండు నల్లదానికి, ఒకటి పసుపుదానికి, ఒకటి రంగులేనిదానికి. “నలుపే గెలిచింది తాతయ్యా” అని సంతోషించినాడు. నాలుగింటితో తీర్పు చెప్పరాదనియు, ఫన్ ఫ్రిష్ ఎన్నిమార్లు పరీక్షించి యుండునో ఆలోచింపుమనియు చెప్పితిని. వచ్చు సెలవులకు నోటుపుస్తకములో గీతలు గీసికొని, తేదీ, వేళ, నీటి తేట వ్రాయుటకు సిద్ధముగా నున్నాడు. ఆ పిల్లవాడు పట్టిన చేపలకంటె ఆ నోటుపుస్తకము నాకు ఎక్కువ సంతోషము కలిగించినది.

పెద్దలారా, మీ యింటి అటకపై చీటీ చినిగిన డబ్బా యొకటి ఉండియే యుండును. రేపు ఉదయము దానిని వెదకుడు. చేప అనిమిషమని అమరసింహుడు చెప్పినాడు. పిల్లలున్న యింట పెద్దవాని కన్నును అట్లే ఉండవలెను.